ఒంట్లోనే చద్దిమూట

గాజు మలుగు పిల్లను తడి అరచేతిలో వేసుకుంటే దాని ఒంట్లోంచి మన చేతిగీతలు కనిపిస్తాయి. పొడవు 7 సెంటీమీటర్లు. లావు అగ్గిపుల్లంత. సుమారు 3,000 పిల్లల్ని వేస్తే గానీ తక్కెడలో కిలో తూగదు. కళ్లు రెండు నల్లచుక్కలు, మొప్పల దగ్గర కొట్టుకునే ఎర్రటి బొట్టు గుండె, తల నుంచి తోక దాకా దారంలాంటి వెన్ను. కోయకుండానే కడుపులో ఏముందో చూడగలిగే చేపలు తక్కువ. ఇది అలాంటిది. ఏముందా అని చూస్తే, ఏమీ లేదు.

ఈ ఖాళీ కడుపు పిల్ల అట్లాంటిక్ మహాసముద్రంలో సర్గాసో సముద్రం అనే చోట పుట్టి, ఐదారు వేల కిలోమీటర్లు కొట్టుకొచ్చి, ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో ఒక ఏటి మొగ దగ్గరికి చేరింది. ఇక్కణ్నుంచి ఏటికి ఎదురీదాలి. ఎదురీతకు సత్తువ కావాలి, సత్తువకు తిండి కావాలి. మరి ఏం తింటుంది?

పురుగూ పుట్రా తింటుంది అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. తప్పు కూడా కాదు. కానీ ఏరెక్కే చేపపిల్లను ఏం తింటావని అడిగే ముందు ఏ నోటితో తింటావని అడగాలి. సముద్రంలో వాడిన నోరు ఏట్లో పనికిరాదు. మొగ దగ్గర పాత నోరు పోయి కొత్త నోరు రావాలి. ఆ మధ్యకాలమంతా పస్తే. ఈ అధ్యాయంలో సగం కథ ఆ పస్తులదే.

ముందు పేరు సంగతి. పాముచేప అనగానే మనలో చాలామందికి బొమ్మిడాయి గుర్తొస్తుంది, దాని పులుసు కూడా గుర్తొస్తుంది. బొమ్మిడాయిది వేరే కుటుంబం. దాని వీపు మీద వరసగా ముళ్లుంటాయి, దాని బతుకంతా మంచినీళ్లలోనే గడిచిపోతుంది. ఇంగ్లీషులో ఈల్ అనే అసలు పాముచేపను మనవాళ్లు మలుగు అనీ, మలుగుపాము అనీ అంటారు. గోదావరి, కృష్ణల్లో దొరికే మలుగు శాస్త్రీయ నామం ఆంగ్విల్లా బెంగాలెన్సిస్. ఐరోపా మలుగు ఆంగ్విల్లా ఆంగ్విల్లా. రెండూ సముద్రంలో పుట్టి ఏట్లో పెరిగి, చివరికి గుడ్లు పెట్టడానికి సముద్రానికే పోయే జాతి. ఎక్కువ పరిశోధన జరిగింది ఐరోపా మలుగు మీద, జపాను మలుగు మీద. అందుకని ఇక్కడ చెప్పేది చాలావరకు వాటి కథే.

మలుగు పిల్ల సముద్రంలో ఉన్నంతకాలం ఎవరూ దాన్ని మలుగు అనుకోలేదు. చూడటానికి వేపాకు ఆకారంలో, గాజుముక్కలా, తల మాత్రం చిటికెడంతగా ఉంటుంది. 1856లో జర్మనీకి చెందిన కౌప్ దీన్ని వేరే జాతి చేప అనుకుని లెప్టోసెఫలస్ బ్రెవిరోస్ట్రిస్ అని పేరు కూడా పెట్టేశాడు. 1890లలో గ్రాసీ, కలాండ్రూచియో అనే ఇద్దరు ఇటలీ శాస్త్రజ్ఞులు మెస్సీనా దగ్గర పట్టిన ఈ ఆకుపిల్లల్ని తొట్టెలో ఉంచి గమనించారు. అవి వాళ్ల కళ్లముందే ముడుచుకుపోయి మలుగులుగా మారాయి. ఆ తర్వాత 1904లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యొహానెస్ ష్మిట్ ఫారో దీవుల పడమటి నీళ్లలో 77 మిల్లీమీటర్ల ఆకుపిల్లను పట్టాడు. ఇంతకన్నా చిన్నది ఎక్కడ దొరుకుతుంది, దానికన్నా చిన్నది ఇంకెక్కడ దొరుకుతుంది అనుకుంటూ ఏళ్ల తరబడి అట్లాంటిక్‌లో వలలు లాగించాడు. సెంటీమీటరు కూడా లేని పిల్లలు సర్గాసోలో దొరికాయి. మలుగుల పురిటిల్లు అదేనని 1920ల మొదట్లో ప్రకటించాడు.

పుట్టిన చోటు తెలిసింది గానీ తిండి తెలియలేదు. ఆకుపిల్ల నోట్లో ముందుకు పొడుచుకొచ్చిన సూదుల్లాంటి పళ్లు ఉంటాయి. వాటిని చూస్తే ఏదో వేటగాడి నోరనిపిస్తుంది. పేగు కోసి చూస్తే వేటాడిన గుర్తేమీ కనిపించదు. నీళ్లలో కరిగిన పోషకాలను చర్మంతోనే పీల్చుకుంటుందేమో అని ఊహించినవాళ్లూ ఉన్నారు. చివరికి తేలింది వేరు. పై నీళ్లలో చచ్చినవీ, విసర్జించినవీ, జిగటగా కలిసి నలకలు నలకలుగా కిందికి రాలుతుంటాయి. దీన్ని సముద్ర హిమం అంటారు. అందులో లార్వేసియన్లనే తోకకప్పలాంటి చిన్న జీవులు కట్టుకుని, వాడుకుని, వదిలేసిన జిగట గూళ్లు కూడా ఉంటాయి. ఆకుపిల్లల ఆహారంలో ఈ జిగురు నలకలదే పెద్దపీట. సర్గాసో పిల్లల పేగుల్లో దొరికిన డీఎన్ఏలో జెల్లీచేపల బంధువుల జాడలు కూడా బయటపడ్డాయి. మెత్తని, సగం కుళ్లిన, నమలక్కర్లేని తిండి. కోసి చూసినవాళ్లకు పేగు ఖాళీగా కనిపించడంలో వింత లేదు మరి.

ఈ తిండి ఎంత ఇబ్బంది పెట్టిందో జపానువాళ్లనడగాలి. కాల్చిన మలుగు వాళ్లకు పండగ వంట. చెరువుల్లో పెంచే మలుగులకు పిల్లల్ని ఈనాటికీ ఏటి మొగల్లో పట్టే తెస్తారు. గుడ్డు నుంచే పెంచుదామని దశాబ్దాలపాటు ప్రయత్నించారు. గుడ్లు పొదిగేవి, పిల్లలు ఏమి పెట్టినా తినక చచ్చేవి. చివరికి ఒక రకం సొరచేప గుడ్లను ముద్దగా చేసి పెడితే తిన్నాయి. ఆ దారినే నడిచి, చెరబట్టిన మలుగుల పిల్లలకు 2010లో మళ్లీ పిల్లలు పుట్టించగలిగారు. ఒక జాతి జీవితచక్రమంతా తిండి అనే ఒక్క చోట అన్నేళ్లు ఆగిపోయింది.

ఇప్పుడు మొగ దగ్గరికి వద్దాం. ఖండపు అంచుకు చేరేసరికి ఆకుపిల్ల తిండి మానేస్తుంది. సూదిపళ్లు రాలిపోతాయి. దవడలు కొత్తగా రూపు దిద్దుకుంటాయి. పేగు మారుతుంది. చప్పిడిగా ఉన్న ఒళ్లు గుండ్రంగా తిరుగుతుంది. మిగతా పిల్లలన్నీ పెరిగి పెద్దవవుతుంటే ఇది చిక్కి పెద్దదవుతుంది. వచ్చినప్పటి పొడవు కూడా మిగలదు. ఆకుపిల్ల ఒంటి నిండా ఉన్నది నీళ్లు పట్టి ఉంచే ఒక రకం చక్కెర జిగురు. రూపం మారే రోజుల్లో ఆ జిగురు కరిగి కొంత కొత్త ఒంటికి సరుకవుతుంది, కొంత ఇంధనమవుతుంది, పట్టి ఉంచిన నీళ్లు బయటికి పోతాయి. పూర్వం పొరుగూరికి నడిచి వెళ్లేవాళ్లు చద్దిమూట భుజాన వేసుకునేవారు. గాజు మలుగు మాత్రం మూటను ఒళ్లుగా మార్చుకుని తెచ్చుకుంటుంది.

ఈ మూట విప్పి తింటూ వచ్చే పిల్లకు వృథాగా ఈదే స్తోమత లేదు. అందుకని ఒక కిటుకు చేస్తుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు అడుగు నుంచి లేచి నీళ్లతోపాటు ఏటి లోపలికి కొట్టుకెళ్తుంది. పాటు తీయగానే అడుగుకు దిగి ఇసుకలోనో, రాళ్ల సందులోనో నక్కుతుంది. మళ్లీ పోటు, మళ్లీ లేవడం. రోజుకు కొంత దూరం, ఖర్చు లేని ప్రయాణం. నాటుపడవల వాళ్లు కూడా ఇదే లెక్క మీద మొగ దాటేవారు.

పోటు ప్రభావం అందని చోటికి వచ్చాక ఈ ఉచిత సవారీ ఆగిపోతుంది. అక్కణ్నుంచి సొంత రెక్కల కష్టమే. అక్కడే గాజు మలుగులు రెండు దారులుగా విడిపోతాయి. ఫ్రాన్సులో చేసిన ప్రయోగాల్లో ఒంట్లో ఇంకా కండ మిగిలిన పిల్లలు మంచినీళ్ల వైపు మొగ్గు చూపాయి, చిక్కినవి ఉప్పునీళ్ల వైపు ఉండిపోయాయి. ఎదురీతకు పురిగొల్పడంలో థైరాయిడ్ హార్మోను పాత్ర కూడా ఉంది. అంటే మూటలో ఇంకా నాలుగు మెతుకులున్నవాడే కొండదారి పడతాడు, లేనివాడు రేవులోనే పని వెతుక్కుంటాడు. రేవులోనే ఉండిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. 1998లో త్సుకమోతో అనే శాస్త్రజ్ఞుడు, మరి ఇద్దరు కలిసి మలుగుల చెవిరాళ్లను పరీక్షించారు. చేప చెవిలో ఏటేటా పొరలుగా పెరిగే చిన్న రాయి అది. అందులో స్ట్రాన్షియం ఎక్కువుంటే ఆ పొర పెరిగిన కాలంలో చేప ఉప్పునీళ్లలో ఉన్నట్టు. బతుకు మొత్తంలో ఒక్కసారి కూడా ఏట్లో అడుగుపెట్టని మలుగులు ఉన్నాయని ఆ రాళ్లు చెప్పాయి. మంచినీటి చేప అని పుస్తకాల్లో రాసుకున్న చేపే ఇది.

ఏరెక్కాలని నిశ్చయించుకున్న పిల్ల సంగతి చూద్దాం. నీళ్లు చల్లగా ఉన్నంతకాలం మొగలోనే తచ్చాడుతుంది. ఎండాకాలం ముఖం చూపించి నీళ్లు కాస్త వెచ్చబడేసరికి కొత్త నోరు సిద్ధమవుతుంది, ఒంటి మీద రంగు దిగుతుంది, గాజు పిల్ల కాస్తా నల్లపిల్ల అవుతుంది. దీన్నే ఇంగ్లీషులో ఎల్వర్ అంటారు. మొదటి ముద్ద పడేది ఇప్పుడే.

ఆ మొదటి ముద్ద ఏమిటో నోటి కొలతే చెబుతుంది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు తెరుచుకునే నోట్లో పట్టేదేదైనా సరే. నీళ్లలో తేలే కోపెపాడ్లు, డాఫ్నియాలు. గవ్వలాంటి చిప్పల్లో దాక్కునే ఆస్ట్రాకాడ్లు. అడుగు బురదలో సన్నని ఎర్రలు. ఆకుల చెత్తలో బతికే గామరస్ అనే రొయ్య బంధువుల పిల్లలు. అన్నిటికన్నా ఎక్కువగా కైరోనమిడ్ పురుగులు. చూడటానికి దోమలా ఉండి కుట్టని ఈగలు కొన్ని ఉంటాయి, సాయంత్రం దీపాల దగ్గర గుంపులు కడతాయి. వాటి పిల్లపురుగులివి. ఆక్వేరియం దుకాణంలో బ్లడ్‌వార్మ్స్ అని పొట్లం కట్టి అమ్మేవీ ఇవే. వీటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ ఎరుపే. ఆక్సిజన్ సరిగా అందని బురదలో బతకడానికి ఆ పురుగుకు అది సాయం. అంటే మురికి ఏట్లో సైతం మలుగు పిల్లకు ఈ వంటకం దొరుకుతుంది. మలుగులు అన్నిరకాల నీళ్లలో నెగ్గుకురావడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

తిండి వేళ రాత్రి. పగలు రాళ్లకింద, వేళ్లకింద, బురదలో. చీకటి పడ్డాక కంటికన్నా ముక్కును నమ్ముకుని అడుగు వెంట వెతుక్కుంటుంది. వెతుక్కునే రాత్రులు వేరు, ఎక్కే రాత్రులు వేరు అనుకోనక్కర్లేదు. దారిలో మేస్తూ పోయే మేకల మందలా పైకి పాకుతూ, ఆగుతూ, తింటూ పోతుంది. పెద్దయ్యాక నోట్లో పట్టని ఎరను పట్టుకుని ఒళ్లంతా బొంగరంలా తిప్పి ముక్క తెంపుకునే విద్య వస్తుంది. అమెరికా మలుగులు సెకనుకు 14 చుట్లదాకా తిరిగినట్టు కొలిచారు. పిల్లకు ఆ విద్య అక్కర్లేదు, దానివన్నీ గుటుక్కున మింగే ముద్దలే.

ఇదంతా ఎలా తెలిసింది? పేగు కోసి, భూతద్దం కింద కాళ్లూ రెక్కలూ లెక్కపెట్టడం పాత పద్ధతి. కానీ మెత్తటి ఎర్ర గంటల్లో అరిగిపోతుంది, పురుగు తల మాత్రం గట్టిది కాబట్టి మిగిలిపోతుంది. ఆ లెక్కలో ఎర్రకు ఎప్పుడూ అన్యాయమే. అందుకని ఇప్పుడు కండనే అడుగుతున్నారు. సముద్రపు తిండిలోనూ, ఏటి తిండిలోనూ కార్బన్ 13 పాలు ఒకేలా ఉండదు. పిల్ల ఏది తిని కండ కట్టిందో ఆ పాలు కండలో నిలుస్తుంది. మొగ నుంచి పైకి వరసగా పట్టిన పిల్లల కండను పోల్చిచూస్తే సముద్రపు మూట ఎక్కడ అయిపోయిందో, ఏటి తిండి ఎక్కడ మొదలైందో అంచనా వేయొచ్చు.

మలుగులు పెంచే రైతులు ఈ పరీక్షలేవీ లేకుండానే మొదటి ముద్ద గుట్టు పట్టారు. ఐరోపాలో గాజు మలుగులకు మొదట కాడ్ చేప జనను పెట్టి అలవాటు చేస్తారు. జపానులో సన్నని బురద ఎర్రలు పెట్టేవారు. రెండిటిలోనూ సూత్రం ఒకటే. మెత్తగా ఉండాలి, వాసన రావాలి. తిండి మరిగాక ఇంకో తలనొప్పి. కొన్ని పిల్లలు గబగబా పెరిగి పక్కవాటిని కొరకడం మొదలుపెడతాయి. అందుకే ఎప్పటికప్పుడు చిన్నవీ పెద్దవీ వేరుచేస్తూ ఉండాలి. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో కొరమీను పెంచేవాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు.

ఏట్లో అడ్డుగోడ వస్తే? పది పన్నెండు సెంటీమీటర్లలోపు పిల్ల తడిగోడను నిట్టనిలువుగా ఎక్కేయగలదు. ఒంటి జిగట, పల్చటి నీటిపొర కలిసి దాన్ని గోడకు అతికిస్తాయి. కాస్త పెరిగి బరువెక్కితే ఆ పట్టు చాలదు. గోడ ఎండితే ఎవరికీ చాలదు. కాబట్టి పిల్లకు ఒక చిక్కు వచ్చిపడుతుంది. బాగా తింటే పెరుగుతుంది, పెరిగితే గోడ ఎక్కలేదు. ఉత్తర ఐర్లండులో బాన్ నది దిగువన ఎల్వర్లను పట్టి లారీల్లో పైనున్న నే సరస్సుకు తీసుకెళ్లి వదులుతారు. వేరే చోట్ల కుచ్చుబ్రష్షులు పరిచిన తడి నిచ్చెనలు కట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని గురించి మాట్లాడినప్పుడల్లా మనం పులసనే తలుస్తాం. ఆనకట్ట కింద ఆగే ఇతర ప్రయాణికుల్ని తలచేవాళ్లు తక్కువ. ఉప్పు తగిలే నీళ్లలో పొదిగి, పిల్లగా ఏరెక్కే నీలకంఠ రొయ్యను కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. చేప కాదు గానీ దానిదీ ఇదే దారి.

నోరు మారడంలో మలుగును మించినవాడు ఒకడున్నాడు. హవాయి దీవుల్లో నోపిలి అనే గోబీ చేప. ఏట్లో గుడ్డు పొదుగుతుంది, పిల్ల సముద్రానికి కొట్టుకుపోతుంది, నెలల తరబడి అక్కడ జంతుప్లవకాలను తిని, బొటనవేలి గోరంత నుంచి 2.5 సెంటీమీటర్ల లోపు సైజులో మళ్లీ ఏటి మొగకు వస్తుంది. సముద్రంలో దాని నోరు మొహానికి ఎదురుగా ఉంటుంది. మొగలోకి వచ్చిన రెండు రోజుల్లోనే పైదవడ సాగి, పైపెదవి లావెక్కి, నోరు కిందికి తిరిగిపోతుంది. ఆ రెండు రోజులూ ముద్ద దిగదు. తర్వాత ప్లవకాల జోలికి పోదు. రాళ్ల మీద పాకుడును, అందులోని డయాటమ్‌లను గీక్కుని తినడమే పని. నిన్నటిదాకా మాంసాహారి, ఎల్లుండి నుంచి నాచు గీకే శాకాహారి.

ఈ కొత్త నోటికి ఇంకో పని కూడా ఉంది. జలపాతం వచ్చినప్పుడు నోపిలి నోటితో బండను పట్టుకుని, పొట్ట కింది రెక్కల పీటను పైకి జరిపి అతికించి, మళ్లీ నోటితో పట్టు మార్చి, ఇలా అంగుళం అంగుళం పైకి పోతుంది. 2013లో కలెన్, మాయీ, షోన్‌ఫుస్, బ్లాబ్ అనే శాస్త్రజ్ఞులు, ఈ చేప తినేటప్పుడు దవడ కదిలే తీరునూ, ఎక్కేటప్పుడు కదిలే తీరునూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దాదాపు ఒకటే. తినడం కోసం వచ్చిన కదలికను ఎక్కడానికి వాడుకుందా, ఎక్కడం కోసం వచ్చినదాన్ని తినడానికి వాడుకుందా అన్నది వాళ్లు తేల్చలేదు. హవాయిలోని అకాకా జలపాతం ఎత్తు 135 మీటర్లు. నోపిలి బంధువైన మరో గోబీ దాన్ని ఎక్కి పైన కాపురం పెడుతుంది. దాని పొడవుతో కొలిస్తే అది ఐదు వేల నిచ్చెనమెట్ల పైమాట.

ఈ కుటుంబపు చేపలే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో కూడా ఏరెక్కుతాయి. అక్కడ వాటి పిల్లలను బిషీక్ అంటారు. ఏటి మొగల్లో బుట్టలు పెట్టి పట్టి, పసుపు, అల్లం, టమోటా వేసి కూర చేస్తారు. ఆ దీవిని బూర్బోన్ అని పిలిచే రోజుల్లో, 1828లో, అక్కడికి ఒప్పందం మీద వెళ్లిన తొలి భారతీయ కూలీలు మన యానాం నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లు. గోదావరి పాయ ఒడ్డున పుట్టినవాళ్లకు ఏరెక్కే చేప కొత్త కాదు గానీ గోరెడు పిల్లలు గుంపుగా కొండవాగు ఎక్కడం చూసి ఏమనుకున్నారో!

అసలు ఇంత తంటా ఎందుకు? పుట్టిన సముద్రంలోనే పెరగొచ్చు కదా. 1988లో గ్రాస్, కోల్‌మన్, మెక్‌డొవల్ అనే ముగ్గురు సైన్స్ పత్రికలో ఒక జవాబు రాశారు. ఉష్ణమండలంలో సముద్రం కన్నా ఏళ్లలో తిండి ఎక్కువ పండుతుంది, చలిదేశాల్లో ఏళ్లకన్నా సముద్రంలో ఎక్కువ. చేప పుట్టిన చోటు ఎలా ఉన్నా పెరగడానికి మాత్రం తిండి ఎక్కువున్న చోటికి పోతుంది. అందుకే మలుగులాంటివి వెచ్చని దేశాల్లో సముద్రం నుంచి ఏటికి, సాల్మన్ లాంటివి చల్లని దేశాల్లో ఏటి నుంచి సముద్రానికి. మంచి సూత్రమే, కానీ గోదావరిలో పులస దాన్ని ఒప్పుకోదు. ఉష్ణమండలంలో ఉంటూనే ఏట్లో పుట్టి సముద్రంలో పెరుగుతుంది. దాని పిల్లలు డయాటమ్‌లనూ, కోపెపాడ్లనూ మొప్పల జల్లెడతో వడపోసుకు తింటూ దిగువకు పోతాయి. ఏరెక్కేది తల్లి, అది కూడా దాదాపు తినకుండా. వరదనీటి పులసకు ఆ రుచి తెచ్చే కొవ్వు అది సముద్రం నుంచి కట్టుకొచ్చిన మూటే.

మలుగుకు కూడా మళ్లీ ఆ రోజు వస్తుంది. బ్లడ్‌వార్మ్‌లతో మొదలై, ఎర్రలు, నత్తలు, చిన్నచేపల దాకా వచ్చి, పదేళ్లో, ఇరవై ఏళ్లో ఏట్లో తిన్నాక దాని కళ్లు పెద్దవవుతాయి, పొట్ట వెండిరంగు తిరుగుతుంది. తిండి మానేస్తుంది, పేగు చిక్కిపోతుంది. ఐరోపా ఏళ్లలో శరత్కాలపు వరద రాత్రి, వెన్నెల లేని చీకట్లో, అది ఏటి వాలున దిగి, ఒకప్పుడు తను గాజుపిల్లగా నక్కిన మొగను దాటి, ఖాళీ కడుపుతో సర్గాసో వైపు మళ్లుతుంది.